గోరింటాకును చూసి కుళ్లుకున్న సిరా

నేను ఒక సిరాను. రాసుకునే సిరాను కాదు, ఓటేసిన వేలికి పూసే సిరాను. హైదరాబాదు శివారులో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. నన్ను సీసాల్లో నింపినవాళ్లు చేతులకు తొడుగులు వేసుకునేవారు. పుట్టించినవాళ్లే ముట్టుకోవడానికి జంకితే ఎలా ఉంటుందో చెప్పండి.

నా తోబుట్టువులు తలో దేశానికి వెళ్లారు. ఒక దేశంలో ఎన్నికలు వాయిదా పడి పడి, వాళ్లు గోదాములోనే ఎండిపోయారట. ఇంకో దేశంలో జనం రాకముందే ఓట్ల పెట్టెలు నిండిపోయాయట, మావాళ్ల మూతలు తీసే పని లేకుండా. నాకు మాత్రం ఒక సముద్ర తీరపు దేశం దక్కింది. దాని పేరు చెప్పను. ఈ కథలోనివాళ్లు ఇంకా అక్కడే కాపురాలు చేసుకుంటున్నారు. నాకు వచ్చింది తెలుగే కనుక వాళ్ల మాటలూ తెలుగులోనే చెబుతాను.

అక్కడ జాలరిపేట ఆడవాళ్లకు పాలక పక్షమంటే పడదు. అది తెలిసిన ఆ పక్షంవాళ్లు పోలింగు ముందు రోజు గోరింటాకు ముద్ద బండ్లకెత్తించి తెచ్చి, ఊరికే పంచారు. కొత్తగా పెళ్లయిన రుకియా రెండు చేతులకూ వేళ్ల చివరలదాకా పెట్టుకుంది. పెళ్లి ముచ్చట ఇంకా తీరలేదాయె. తెల్లారేసరికి చేతులు మందారాల్లా పండాయి. మొగుడు కాసిం ఆ చేతులు వాసన చూస్తూ చేపల పడవ సంగతే మరిచిపోయాడట.

నాకు ఒళ్లు మండింది. అదీ రంగే, నేనూ రంగే. దాన్ని పండిందంటారు, నన్ను అంటిందంటారు. దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకుంటారు, నన్ను పెట్టించుకుని చీర చెంగుకు తుడుచుకోబోతారు. నా చుక్క ఎంత బాగుందని ఏ మొగుడైనా మురిసిపోయాడా?

ఆ ఉదయం బడిలో నా సీసా మూత తీసి మాస్టారు కూర్చున్నారు. రుకియా వచ్చి వేలు చాపింది. వెంటనే పాలక పక్షం ఏజెంటు లేచాడు. వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి, ముందే ఒకసారి ఓటేసి ఆ గుర్తును గోరింటాకు కింద దాచి ఉండవచ్చు, పంపించేయమన్నాడు. అప్పుడు అర్థమైంది ఆ కానుక ఎందుకో. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్లందరి చేతులూ ఎర్రవే. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల సంబరమే. కుదిరిందా నీకు, అనుకున్నాను గోరింటాకును. ఆ తరవాత రుకియా ముఖం చూశాను. తల్లికి దక్కని ఓటు అది. తనకు ఊహ తెలిశాక ఆ దేశంలో జరుగుతున్న మొదటి ఎన్నిక అది.

నిబంధనలో ఏముందని ఆమె అడిగింది. నలుగురికీ కనబడే చోట గుర్తు ఉండాలని మాస్టారు చదివారు. రుకియా ముసుగు వెనక్కి తోసి చెంప చూపింది.

"ఇక్కడ పెట్టండి మాస్టారూ."

"వారాల తరబడి పోదు తల్లీ. దాచుకోవడం కూడా కుదరదు."

"దాచుకునేదాన్నయితే అసలు వచ్చేదాన్నే కాదుగా."

అలా నేను చెంపకెక్కాను. గోరింటాకు కలలో కూడా ఎక్కని చోటు! నా తెలుగింటి పెళ్లికూతుళ్ల బుగ్గచుక్క గుర్తొచ్చి పొంగిపోయాను. వరుసలోని ఆడవాళ్లందరూ చెంపలు చాపారు. ఎండలోకి వెళ్లగానే నల్లగా నిగనిగలాడాను. కాసిం ఆ చుక్కను చూసి చూసి, ఇది గోరింటాకు కంటే బాగుందన్నాడు. ఆ మాట ఒక్కటి చాలు నాకు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఓడిపోతున్నామని తెలిసి పాలక పక్షంవాళ్లు లెక్కింపు మధ్యలో ఆపించేశారు. చేపల బజారు దారిలో సైనికులు నిలబడ్డారు. చుక్క ఉన్న ఆడవాళ్లను లారీ ఎక్కిస్తున్నారని కబురొచ్చింది. బజారుకు వెళ్లకపోతే చేపలు కుళ్లిపోతాయి, పొయ్యి వెలగదు. రుకియా నెత్తిన గంప, చెంపన నేను. మొదటిసారి నాకు మాసిపోవాలనిపించింది.

ఓటుతో మనకేం పనని ఇంట్లోనే కూర్చున్న అత్తగారు హలీమా అప్పుడు కాటుక డబ్బీ తీసింది. తన చెంప మీద ఒక చుక్క పెట్టుకుంది. పక్కింటికి వెళ్లి ముసలమ్మకూ చంటిపిల్లకూ పెట్టింది. డబ్బీ పేటంతా తిరిగింది. అందరూ ఒక్కటై గంపలెత్తుకుని బయల్దేరారు.

సైనికుడు తెల్లబోయాడు. "ఈ పసిపిల్ల కూడా ఓటేసిందా?"

"మా పేటలో ఇప్పుడిదే సింగారం నాయనా," అంది హలీమా. "మీ ఇంటావిడకు కూడా పెట్టి పంపనా?"

వాడు బొటనవేలు తడి చేసుకుని రుకియా చెంప వైపు చాచాడు. హలీమా అడ్డం వచ్చి తన చెంప చూపింది.

"తుడువు. మీ అమ్మకు నా వయసుంటుంది. పరాయి ఆడదాని చెంప మీద చెయ్యేశానని ఇంటికెళ్లి ఆమెకు చెప్పుకో."

వాడి చెయ్యి దిగిపోయింది. గంపలు సాగిపోయాయి.

నీళ్లు తగిలితే పోయే కాటుక! నన్ను చెరపడం ఎవరి తరమూ కాదని గొప్పలు పోయిన నన్ను అది కాపాడింది. కృతజ్ఞత ఉండాలి కదా, నాకు కడుపుమంటే మిగిలింది. రోజూ పొద్దున్నే పేటంతా అద్దాల ముందు చేరి నవ్వుకుంటూ దాన్నే దిద్దుకునేది. నన్నెవరూ దిద్దక్కర్లేదుగా.

కొన్నాళ్లకు రుకియా చెంప మీద నేను మాసిపోయాను. ఆమె అద్దంలో వెతుక్కుంది, వేలితో తడిమి చూసుకుంది. ఇక భయం లేదు, హాయిగా ముఖం కడుక్కుని వెళ్లవచ్చు. కానీ కాటుక డబ్బీ అందుకుని, నేనున్న చోటే చుక్క పెట్టుకుంది. పక్కింటి జైనబు చెంప మీద నేనింకా ఉన్నాను మరి.