పేరు పెట్టని ఫైలు

నాకు తెలిసినంత కంప్యూటర్ పుంగనూరులో ఇంకెవరికీ తెలియదని 2004లో నాకు గట్టి నమ్మకం. మదనపల్లెలో ఆర్నెల్లు హార్డ్‌వేర్ కోర్సు చేసి, బస్టాండు వెనక సందులో మూడు సిస్టంలతో షాపు పెట్టి అప్పటికి మూడేళ్ళు. బోర్డు మీద 'భానుప్రకాశ్, హార్డ్‌వేర్ ఇంజనీర్' అని రాయించుకున్నాను. ఇంజనీరు అన్న మాట పెయింటరు సలహా. నేను కాదనలేదు.

ఆ ఏడాది ఒక రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ముగ్గురు వచ్చారు. ముందు చంద్రిక, మా సందు చివర డీటీపీ షాపులో పెళ్లిపత్రికలు టైపు చేసే అమ్మాయి. ఆమె వెనక పెద్దపంజాణి రైతు చెంగల్రాయుడు, ఆ షాపు సీపీయూను గోనెసంచిలో చుట్టి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. చివర ఆయన తల్లి రామక్క, డెబ్బై దాటిన మనిషి, మెడకు తువ్వాలు చుట్టుకుని ఉంది. నేరుగా పోయి బల్ల మీద కూర్చుంది.

"అన్నా, కరెంటు పోయి, వచ్చి, మళ్ళా పోయింది. ఇప్పుడు కరెంటు వచ్చినా సిస్టం లేస్తా లేదు," అంది చంద్రిక. "పొద్దున్నించి చేసిన స్లైడ్లన్నీ దాంట్లోనే ఉండాయి."

"సేవ్ చేసినావా?"

ఆ అమ్మాయి చెంగల్రాయుడి వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు.

"సేవ్ కొడితే పేరు పెట్టమని అడిగిందన్నా. మామ వద్దన్నాడు."

"యాలన్నా వద్దన్నావు?" అన్నాను ఆయనతో.

"అంతా అయినాక పెడదామన్నానప్పా. బిడ్డ పుట్టకనే ఎవురన్నా పేరు పెడతారా? మా ఇంట్లో ఆ అలవాటు లేదు."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. కంప్యూటర్‌కు పురుడూ బారసాలా ఉండవన్నా అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో చంద్రిక చెప్పాక నేనూ నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున కుప్పంలో ఒక కాలేజీలో రైతుల సభ. వాళ్ళ ఇంట్లో పాతకాలం నుంచి దాచుకున్న తొమ్మిది రకాల రాగుల గురించి చెంగల్రాయుడు అక్కడ చెప్పాలి. తెర మీద చూపించాలి కూడా. కానీ ఏ రకం ఏ నేలకు, ఎప్పుడు చల్లాలి, విత్తనం ఎట్లా దాచాలి, ఇవన్నీ తెలిసింది రామక్కకే. రామక్క గొంతులో గడ్డ. ఎల్లుండి వేలూరులో ఆపరేషన్. తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు, అంతవరకూ గొంతుకు పని పెట్టొద్దన్నారు. అయినా ఆ ముసలామె పొద్దున తొమ్మిది నుంచి రెండున్నర దాకా, ఆగి ఆగి, నీళ్ళు తాగి తాగి చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టే చంద్రిక టైపు చేసింది.

"మళ్ళా చెప్పించేదానికి లేదన్నా," అంది చంద్రిక. "ఇప్పటికే అవ్వ గొంతు పూర్తిగా పూడిపోయింది."

నేను సీపీయూ విప్పి హార్డ్‌డిస్కు తీశాను. నా సిస్టంకు రెండో డిస్కుగా తగిలించాను. బాగానే కనిపించింది. లోపల టెంపరరీ ఫైళ్ళ ఫోల్డర్‌లో ఆ రోజు తేదీతో ఉన్నవి వెతికాను. మనం సేవ్ చేయకపోయినా ఆ ప్రోగ్రాం పది నిమిషాలకోసారి తనంతట తాను ఒక నకలు దాచుకుంటుంది. రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు దాచింది ఒకటి దొరికింది. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

తెరిచాను. తల మీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు. స్లైడు తర్వాత స్లైడు అంతే. అంతకుముందు దాచిన నకలు తెరిచాను. అదీ అంతే.

"కరప్ట్ అయిపోయిందన్నా," అన్నాను చెంగల్రాయుడితో. పెద్ద డాక్టరు లాగా కళ్ళజోడు కూడా తీశాను. "ఇంగ ఏమీ చేయలేము."

ఆయన పోయి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. నేను ఫైలు మూసేయబోతుంటే చంద్రిక నా చేతిని మౌసు మీద నుంచి తోసేసింది.

"ఉండన్నా. ఇది రాగి."

"ఏది?"

"ఇదో, ఈ రెండు గుర్తులూ. ఈ స్లైడులో ఆరుసార్లు ఉండాది సూడు. ఇది 'ఎర్ర నేల'. ఇది 'సంగటి'." వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. "పాడు కాలేదన్నా, ఇది తెలుగే. మీ సిస్టంలో మా ఫాంటు లేదు, అంతే. వేరే ప్రెస్సులో పత్రిక తెరిస్తే వధూవరుల పేర్లు ఇట్లే కనపడతాయి. నాకు అలవాటే."

నిజమే. మూడేళ్ళుగా నా షాపులో ఒక్క తెలుగు అక్షరం కొట్టింది లేదు. అది పెళ్లిపత్రికల వాళ్ళ పని అని నాకు చిన్నచూపు. ఆ అమ్మాయి తన డిస్కులోంచే ఫాంటు వెతికి నా సిస్టంలోకి ఎక్కించింది. ఫైలు మళ్ళీ తెరిచేసరికి తెరంతా తెలుగు.

"ఈ రాగి ఎర్ర నేలలో ఏసేది. వాన పది దినాలు ఆలస్యమైనా ఓర్సుకుంటాది. దీని సంగటి తిని మడికి పోతే మాపటిదాకా ఆకలి అనేది ఉండదు."

చంద్రిక పైకి చదువుతుంటే రామక్క లేచి వచ్చి కుర్చీ వెనక నిలబడింది. చదువు రాని మనిషి. అయినా తెర మీద నుంచి చూపు తిప్పలేదు. తన మాటలు ఇంకొకరి నోట్లోంచి వస్తుంటే వింటున్న ఆ ముఖం చూసి, తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాను.

ఎనిమిది రకాలు వచ్చాయి. తొమ్మిదోది లేదు. ఆఖరి నకలు దాచుకున్నాక, కరెంటు పోయే లోపల చెప్పింది అది.

"ఏం చెప్పిందో నాకు గుర్తుండాది," అంది చంద్రిక, గబగబా కొడుతూ. "ముసురుకు తట్టుకుంటాది, కోతకు కష్టం, విత్తనం బూడిదలో కలిపి దాచల్ల. పేరే, పేరే గుర్తు రాలేదు. మామా, నీకు తెలుసా?"

చెంగల్రాయుడు తల అడ్డంగా ఊపాడు. "నేను పుట్టినాక అది ఏసింది లేదమ్మా. ఒక్క ముంతెడు ఇత్తనం ఉండాదంతే."

రామక్క నోరు తెరిచింది. ఆయన కంగారుగా, "వద్దమ్మా, మాట్లాడొద్దు. పేరు లేకపోతే పోనీలే," అన్నాడు.

ఆమె నోరు మూసుకుంది. కొడుకు వైపు కోపంగా చూసింది. తర్వాత కుడి చేయి తెర ముందుకు చాపి, అయిదు వేళ్ళూ విప్పి, ఒక్కొక్కటే లోపలికి ముడిచింది. ముడిచిన చేతిని కంకి ఊగినట్టు మెల్లగా ఊపింది.

"పిడికిలి రాగి!" అంది చంద్రిక.

రామక్క నవ్వింది. లోపలి నుంచి శబ్దమేమీ రాలేదు గానీ భుజాలు కదిలాయి.

అది కూడా టైపు చేసి చంద్రిక సేవ్ నొక్కింది. ఫైలుకు పేరు పెట్టమని అడిగింది కంప్యూటర్. ముగ్గురం చెంగల్రాయుడి వైపు తిరిగాం.

"ఇప్పుడు పెట్టమ్మా," అన్నాడాయన. "మా యమ్మ పేరు పెట్టు."

మర్నాడు కుప్పంలో సభ బాగా జరిగిందట. ఆ మర్నాడు ఆపరేషనూ బాగానే జరిగింది. మాట మాత్రం తిరిగి రాలేదు.

నెలకోసారి మందుల కోసం రామక్క పుంగనూరు వస్తుంది. బస్సు దిగి పోతూ నా షాపు ముందు ఆగి, నాకేసి చూసి పిడికిలి చూపిస్తుంది. నేనూ చూపిస్తాను. ఆమె సందు మలుపు తిరిగే లోపల, చేతిలో ఏ పని ఉన్నా సరే, దానికి పేరు పెట్టి సేవ్ కొడతాను. బోర్డు మీద ఇంజనీరు అన్న మాట చెరిపించేశాను.