వందకు వంద తెచ్చుకున్న బటన్లు

వదిన కుర్చీకి ఎసరు పెట్టింది సొంత మరిదేనని శుక్రవారం పదకొండు గంటల దాకా ఎవరికీ తెలియదు. మరిదికి కూడా తెలియదు.

వదినకు పుట్టుకతో చూపు లేదు. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటరు పద్నాలుగేళ్లుగా ఆమెదే. ఒక చెవిలో ఇయర్‌ఫోను ఉంటుంది. తెర మీద ఉన్నదంతా చదివి చెప్పే ప్రోగ్రాము అందులో గడగడా వాగుతుంటుంది. రెండో చెవి పాఠకులకు. ఏ పుస్తకం ఎవరింట్లో నెలల తరబడి మూలుగుతోందో కంప్యూటరు కంటే ముందు ఆమే చెప్పేది.

అంతలో గ్రంథాలయం సాఫ్ట్‌వేర్‌కు కొత్త రూపం వచ్చింది. అది ఓపెన్ సోర్స్ సరుకు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి బాగుచేయవచ్చు. ఎవరైనా అన్నారు కాబట్టి ఎవరూ చేయలేదు. బొమ్మల బటన్లతో తళతళలాడిన ఆ కొత్త రూపం వదిన చెవిలో మాత్రం నోరు విప్పలేదు. పెద్ద లైబ్రేరియన్ తేల్చేశాడు. మూడు నెలలు గడువు, ఆ తర్వాత సోమవారం నుంచి కొత్తదే నడుస్తుంది, అది చేతకాకపోతే ఆమె వెనక గదిలో చిరిగిన అట్టలకు జిగురు రాసుకోవచ్చు.

సరిగ్గా అప్పుడే ఒక ఫౌండేషన్ నిధి ప్రకటించింది. చూపులేనివాళ్లు కూడా వాడుకునేలా ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చాలట. పర్యవేక్షణకు పదకొండుమందితో కమిటీ వేశారు. అందరి కళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. ఒకాయన కళ్లజోడు పెట్టుకుంటాడు కాబట్టి ఆయన్ను అనుభవజ్ఞుల కోటాలో వేసుకున్నారు. మూడు సభలు జరిపారు, ఒక గీతం రాయించారు, ఖరీదైన కాగితం మీద నివేదిక అచ్చేశారు. వదిన దాన్ని చేత్తో తడిమి, బాగుంది, జారుతోంది అంది. మిగిలిన చిల్లరతో అసలు పని మరిదికి అప్పగించారు.

మరిది పనిమంతుడే. కానీ ఇలాంటి మార్పులకు మార్కులేసే తనిఖీ ప్రోగ్రాము వందకు వంద వేస్తేనే ఆఖరి వాయిదా డబ్బు ఇస్తామన్నారు. అంతే, అతను వదినను వదిలేసి మార్కుల వెంట పడ్డాడు. ఓసారి నన్ను నొక్కి చూడనీయమని ఆమె రెండుసార్లు అడిగింది. పూర్తయ్యాక చూద్దువుగాని వదినా అని దాటేశాడు. ఉండేది ఒకే ఇల్లు, తినేది ఒకే బల్ల మీద. అయినా వంద వచ్చిన రోజున చంకలు గుద్దుకున్నాడే తప్ప, తన కీబోర్డును బల్లకు అటువైపున్న వదిన ముందుకు జరపలేదు.

గడువుకు మూడు రోజుల ముందు, శుక్రవారం, నిధి అధికారి ఫొటోగ్రాఫరును వెంటేసుకుని దిగాడు. కౌంటరు మీద ఒక కాగితం పరిచాడు.

"సంతృప్తి పత్రం అమ్మా. సంతకం ఇక్కడ," అంటూ వేలు పెట్టి చూపించాడు. ఎవరికి చూపిస్తున్నాడో ఆయనకు తట్టలేదు.

"కొత్తదాంట్లో ఒక్క పుస్తకం వెనక్కి తీసుకుని పెడతానండి," అంది వదిన.

అందరికీ వినబడేలా ఇయర్‌ఫోను పీకేసింది. ఒక బటను నుంచి ఇంకోదానికి దూకించే ట్యాబ్ మీట నొక్కింది. బటన్, అంది కంప్యూటరు. మళ్లీ నొక్కింది. బటన్. అలా నలభై రెండుసార్లు నొక్కింది. నలభై రెండుసార్లూ అదే మాట.

అధికారి మొహం వెలిగిపోయింది. "స్పష్టంగా మాట్లాడుతోందే."

"గొంతు బాగుందండి. ఏ బటనో చెప్పడం లేదు."

పక్కనే నిలబడ్డ మరిదికి అప్పుడు గానీ తను చేసింది తెలిసిరాలేదు. తనిఖీ ప్రోగ్రాము ప్రతి బటనుకూ పేరు ఉందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. గడువు తరుముతుంటే అతను అన్నిటికీ ఒకే దెబ్బకు బటన్ అనే పేరు తగిలించాడు. తర్వాత మారుద్దామనుకున్నాడు. వంద వచ్చాక ఆ తర్వాత రాలేదు. పరీక్షించకుండా ఏమీ వదల్లేదు. పరీక్షించాడు, తెర చూస్తూ, మౌసుతో.

కొద్దిగా అలవాటు పడితే సరిపోతుందని అధికారి సర్దిచెప్పాడు. వదిన తడుముకోకుండా మానిటరు మీట నొక్కింది. తెర నల్లబడింది.

"మీరు కూర్చోండి. అలవాటు చేసుకుందురు గాని," అంటూ కుర్చీ ఖాళీ చేసింది.

పక్కన ఫొటోగ్రాఫరున్నాడు, తగ్గితే పరువు పోతుంది. అధికారి కూర్చుని నాలుగుసార్లు ట్యాబ్ కొట్టాడు. నాలుగోది నచ్చింది కాబోలు, ఎంటర్ కొట్టాడు.

రెండు క్షణాలు ఏమీ జరగలేదు. తర్వాత పెద్ద లైబ్రేరియన్ జేబులో ఫోను మోగింది. ఆ వెంటనే చదువుకునే హాల్లో ఒకటి, కిటికీ పక్కన నాలుగు, ఆపైన హాలంతా. ఆరువేలమంది సభ్యులకు ఒకే సందేశం పోయింది. పుస్తకం గడువు దాటింది, జరిమానా కట్టండి. ఆ పొద్దున్నే చేరిన ముసలాయన ఫోను పట్టుకుని వచ్చి, ఇంకా ఒక్క పుస్తకమూ ముట్టుకోలేదు బాబూ అని మొత్తుకున్నాడు. పెద్ద లైబ్రేరియన్‌కు వాళ్ల అత్తగారే ఫోన్ చేసింది. ఆయన దూరంగా వెళ్లి చాలాసేపు అవునండి, అవునండి అన్నాడు. తిరిగొచ్చి, ఈ నెలాఖరు దాకా పాతదే నడుస్తుంది, ఈలోపు కొత్తదానికి మాటలు నేర్పకపోతే జిగురు గదేనన్నాడు.

అంత గోలలోనూ అధికారి కాగితాన్ని మెల్లగా వదిన ముందుకు తోశాడు.

"పేర్లన్నీ నేను చెప్తాను, మా మరిది పెడతాడు," అంది వదిన. "నా పనికి కూలి ఇవ్వండి."

ఆయన కాగితాలు తిరగేశాడు. చూపులేనివాళ్లకు జీతమిచ్చే పద్దు నిధిలో లేదట. ప్రశంసాపత్రం మాత్రం ఇవ్వగలరట.

మరిదికి ఆఖరి వాయిదా కళ్ల ముందు కదిలింది. ఆ పక్కనే వెనక గది, జిగురు డబ్బా, వదిన కదిలాయి.

"ఆ వంద మార్కులు దొంగవండి," అన్నాడు. "కమిటీకి నేనే రాసిస్తాను."

అధికారికి అప్పటికప్పుడు పద్దు దొరికింది. తర్వాతి వారమంతా వదిన పనిచేసింది, రికార్డుల్లో మాత్రం వేదిక అలంకరణ పద్దు కింద.

మానిటరు తీగ పీకి ఆమె తన సంచిలో పెట్టుకుంది. మరిది చీకటి తెర ముందు కూర్చున్నాడు. "ఇప్పుడు ఎక్కడున్నావయ్యా?" అని ఆమె అడిగితే మొదటి రెండు రోజులు తెల్లమొహం వేశాడు. ఐదో రోజుకు తనంతట తాను ఒక పుస్తకం వెనక్కి తీసుకోగలిగాడు.

నెల మారిన రోజు అధికారి ఫోన్ చేశాడు. బటన్ల పేర్లు పొడవయ్యాయని తనిఖీ ప్రోగ్రాము మార్కులు కోసిందట, తొంభై ఒకటికి దిగిందట, ఏదైనా చేయమని బతిమాలాడు. మరిది ఫోనును చేత్తో మూసి వదిన వైపు తిరిగాడు.

కౌంటరు ముందు వరుస గుమ్మం దాటింది. ఆమె ఒక చెవిలో కొత్తది గడగడా వాగుతోంది.

"తర్వాత మాట్లాడతానని చెప్పు," అని వదిన తర్వాతి పుస్తకానికి చెయ్యి చాచింది.