లింబయ్య తలకిందులు కట్టిన టీవీ

నిజామాబాద్ జిల్లాల నా ఈడు ముసలోళ్లు ఎంతమంది ఉన్నరో నాకు తెల్వదు గని, కంప్యూటర్ సంగతి నాకు తెలిసినంత వాళ్లల్ల ఇంకొకనికి తెల్వదు. ఇప్పుడు చెప్పబోయే ముచ్చట నేను నా రెండు కండ్లతోని, అద్దాలు గూడ పెట్టుకొని, పొద్దటి నుంచి పొద్దూకే దాక నిలబడి చూసిన. ఇందుల ఒక్క ముక్క అబద్ధమైతే నా మీసం గీకించుకుంట.

బోధన్ దాటి మంజీర దిక్కు పోతుంటే ఒక చెరుకు ఫ్యాక్టరీ వస్తది. పేరు చెప్పను, మళ్లొచ్చే ఏడు నా చెరుకు గూడ అక్కడికే పోవాలె. దాని కాంటా గదిల కంప్యూటర్ ముందట కూర్చునే పిల్ల జ్యోతిరాణి. మోస్రా దగ్గరి పల్లె. బాపు భూమన్నకు రెండెకరాల చెరుకు. అవ్వ గంగమణి బీడీలు చేస్తది. జ్యోతిరాణి గూడ చేట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టుకుంటనే పదో తరగతి గట్టెక్కింది. తర్వాత నిజామాబాద్ల కంప్యూటర్ డిగ్రీ చదివింది.

చెరుకు బండ్లు వరుసగ ఆగే ఆ ఫ్యాక్టరీ యార్డుల ఒక కట్టుబాటు ఉన్నది. ఫ్యాక్టరీ పెట్టింది కాదు, రైతులే కొట్లాడి పెట్టించుకున్నది. ఒకప్పుడు నంబర్లు నోటితోనే పిలిచేటోళ్లు. పిలిచేటాయన తన బామ్మర్ది ట్రాక్టరును మూడుసార్లు ముందట పిలిచిండని తేలినంక, రాజనర్సు అనే రైతు పోయి కాంటా మీద అడ్డం పండుకున్నడు. అప్పటి నుంచి నోటి మాట చెల్లదు, ఒట్టి చీటీ చెల్లదు. నంబరూ బరువూ బయట పెద్ద టీవీ మీద కనబడాలె. రైతు దాన్ని ఫోన్ల వీడియో తీసుకోవాలె. అప్పుడే బండి కాంటా దిగుతది.

ఆ టీవీని గోడకు కట్టింది యార్డు కావలి లింబయ్య. చెరుకు యార్డుల ఎలుకలు పిల్లులను తరుముతయి. తీగలు కిందికి వేలాడితే కొరుకుతయని, తీగలు మీదికి వచ్చేటట్టు ఆయన టీవీనే తలకిందులు కట్టిండు.

"తాతా, గిట్ల కడితే బొమ్మ గూడ తలకిందులైతది గద?" అని జ్యోతిరాణి మొత్తుకున్నది.

"ఎలుకల సంగతి నేను సూసిన బిడ్డా. బొమ్మ సంగతి నువ్వు సూస్కో."

చూసుకున్నది. కంప్యూటరోళ్లకు లైబ్రరీ అని ఒకటి ఉంటది. పేపర్ చదివే లైబ్రరీ కాదు. ఎక్కడెక్కడోళ్లో రాసి, ఎవరన్న వాడుకోండ్రని పెట్టిన పని ముక్కల మూట. జ్యోతిరాణి తెచ్చుకున్న మూట తెర సంగతి చూస్తది. తెర ఎంత వెడల్పు ఉండాలె, బొమ్మ ఏ దిక్కు తిరగాలె, సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీసుకోవాలె, ఈ మూడూ దానితోని మార్చవచ్చు. ఒక్క వరుస రాసి బొమ్మను తిప్పింది. టీవీ తలకిందులు, బొమ్మ తలకిందులు, చూసేటోళ్లకు సక్కగ.

నాలుగు నెలలు బండి బాగానే నడిచింది. తర్వాత రైతుల ఫోన్లల్ల చారలు పడుడు మొదలైంది. కంటికి బరువు సక్కగనే కనబడుతది, వీడియోల మాత్రం అంకెల మీద నల్ల చారలు పారుతయి. "మేడం, నా మూడు ఎనిమిది లెక్క కనబడ్తున్నది. ఫ్యాక్టరోళ్లే చేయిస్తున్నరా, నువ్వే చేస్తున్నవా?" అని రాజనర్సు రోజూ దెప్పుడే.

మార్చి నెల, చెరుకు ఆడించే క్రషింగుకు ఆఖరి రోజు. సాయంత్రం ఆరు గంటలకు సైరను మోగితే ఈ ఏటికి మిల్లు బందు. సైరనైనంక ఎవ్వని చెరుకూ కాంటా ఎక్కదు. వరుసల నలభై ఒక్క ట్రాక్టరు. నలభై ఒకటో నంబరు భూమన్నది. కోసి మూడు రోజులైంది, ఎండకు చెరుకు గంటగంటకూ తేలికైతున్నది. తిండి గంటల పావుగంట దొరికింది. సెకనుకు అరవైసార్లు గీసే తెరను డెబ్భై అయిదుసార్లకు పెంచితే చారలు పోతయని జ్యోతిరాణికి తట్టింది. రాసింది. మిషన్ బందుచేసి మళ్ల పెట్టినా అదే లెక్క వచ్చేటట్టు గూడ రాసింది.

ఆ లైబ్రరీ రాసినోళ్లు ఒక హెచ్చరిక గూడ రాసి పెట్టిండ్రు. కొత్త లెక్క పెట్టినంక పదిహేను సెకన్లు ఆగుమన్నరు. చూసే మనిషి సరే అనకపోతే తెరను పాత లెక్కకు మళ్లించుమన్నరు. జ్యోతిరాణి అది చదివింది. ఇప్పుడు గదంత ఎవరు రాస్తరులే అనుకున్నది.

మీట నొక్కింది. టీవీ ఒక్కసారి మెరిసింది. నల్లగయింది.

పాత టీవీ అది. డెబ్భై అయిదు దాని వశం కాలేదు. గదిల ఉన్న చిన్న తెర పోయిన నెలలనే కరెంటు ఎక్కువచ్చి కాలిపోయింది, అప్పటి నుంచి కిటికీలకెల్లి బయటి టీవీనే చూసుకుంట పనిచేస్తున్నది. ఇప్పుడు మిషన్ నడుస్తున్నది గని లోపల ఏమున్నదో చూసే కన్ను లేదు. బందు చేసి మళ్ల పెట్టింది. నలుపే. ఎవరో ఊళ్లెకెల్లి ఇంకో టీవీ పట్టుకొచ్చిండ్రు. అది ఇంకా ముసలిది, అదీ నలుపే.

రెండైంది. ఇరవై నాలుగు బండ్లు దిగినయి, పదిహేడు మిగిలినయి. జ్యోతిరాణి గది బయటికొచ్చింది.

"నోటితో పిలుద్దామా అన్నా?" అని రాజనర్సును అడిగింది.

"పిలువు. నేను మళ్ల అడ్డం పండుకుంట," అన్నడాయన. ఆయనది ముప్పై మూడో నంబరు. తన చెరుకు గూడ ఎండుతున్నది, అయినా కట్టుబాటు ఇడువడు.

చూడకుండానే మీటలు కొట్టి పాత లెక్క రాయాలె, ఇంకో తొవ్వ లేదు. కొట్టింది. ఆజ్ఞలు రాసే కిటికీ తెరుచుకున్నదో లేదో తెల్వదు. ఒక్క అక్షరం తప్పినా వట్టిదే. నల్ల తెరను చూసుకుంట కొడుతుంటే వేళ్లు ఏ మీట మీద పడుతున్నయో ఆమెకే తెల్వదు. మూడైంది. మూడున్నరైంది. బయట ఒకాయన ట్రాలీ నీడకు కూర్చొని తలకాయ పట్టుకున్నడు. భూమన్న మాత్రం గది దిక్కే రాలేదు. వస్తే బిడ్డ ఇంకా బెదురుతదని, దూరం నుంచే ట్రాక్టరు తుడిచిందే తుడుస్తున్నడు.

ఇక్కడ ఒక మాట. అంతా కండ్లార చూసిన అన్న గద, అప్పుడు నేను పన్నెండో నంబరు బండి దింపుకొని, ఖాళీ ట్రాలీ కింద గుర్రుపెట్టి పండుకున్న. ఇది నాకు గంగమణి చెప్పింది. కంప్యూటర్ సంగతి జ్యోతిరాణి చెప్పింది, నాలుగుసార్లు చెప్పింది, అయిదోసారి నాకు అర్థమైనట్టు తల ఊపిన. మీసమంటరా, నాకు ఏనాడూ లేదు.

నాలుగు గంటలకు గంగమణి గదిలకు వచ్చింది. బిడ్డ ఏడుస్తలేదు. ఏడ్చుడు దాటిపోయి కూర్చున్నది.

"అవ్వా, నేనే చెడగొట్టిన. బాపు చెరుకును నేనే ఎండవెట్టిన."

"గది తర్వాత ఏడుద్దాం. ఇప్పుడు నువ్వు సూడకుండ కొట్టాలె, గంతే గద?"

"గంతే. అయితలేదు."

"అయిదో తరగతిల నువ్వు టీవీ సూస్కుంట బీడీ చుట్టలేదా? ఆకు దిక్కు ఒక్కనాడన్న సూసినవా? నల్లగున్నదాన్ని ఏం సూస్తున్నవే? గోడ దిక్కు తిరుగు. గా మీటల పలక ఒళ్లె పెట్టుకో. చేట అనుకో."

జ్యోతిరాణి కింద కూర్చున్నది, కాళ్లు చాపింది, మీటల పలకను ఒళ్లె పెట్టుకున్నది. వేళ్లు వాటంతట అవే మీటలను దొరకబట్టినయి. ఆజ్ఞ కొట్టింది. నలుపే.

"తప్పు కొడితే టింగుమంటదా?" గంగమణి అడిగింది.

"అనాలె. ఏం వినబడ్తలేదు."

"ఎట్ల వినబడ్తది, గీ ఫంకా గింత సప్పుడు చేస్తుంటే!" అని గంగమణి ఫ్యాను వైరు పట్టి ఒక్క గుంజు గుంజింది.

గది గుమ్మంల నిలబడ్డ లింబయ్య నాలుక కరుచుకున్నడు. గదిల ప్లగ్గు పెట్టే జాగ ఒక్కటి గూడ ఖాళీ లేకుండె. చీటీలు కొట్టే మిషన్ వైరు పీకి, ఫ్యాను పెట్టుకున్నది ఆయనే, తిండి గంటల. ఎవరూ అనకముందే చీటీల మిషన్ వైరును మళ్ల దాని జాగల దూర్చిండు.

మిషన్ మూలిగింది. కర్‌ర్ మని చీటీ కక్కింది. ఇంకోటి. ఇంకోటి. మొత్తం తొమ్మిది.

జ్యోతిరాణి ఒకటి అందుకున్నది. 'రైతు పేరు' అని ఉన్నకాడ ఒకదానికొకటి సంబంధం లేని తెలుగు అక్షరాలు వరుసగ ఉన్నయి. తొమ్మిదింటి మీద గట్లనే. చూసుకుంట చూసుకుంట లేచి నిలబడ్డది.

"అవ్వా! మీటలు తెలుగుల ఉన్నయి!"

రైతుల పేర్లు తెలుగుల అచ్చు కావాలెనని మీటల పలకను తెలుగుకు మార్చుకొని పెట్టుకున్నది తనే. మిషన్ పెట్టంగనే తెలుగే వచ్చేటట్టు చేసుకున్నది గూడ తనే. రెండు గంటల నుంచి ఇంగ్లీషుల కొడుతున్న అనుకొని తెలుగు కొట్టింది. ఆజ్ఞల కిటికీ తెరుచుకోనేలేదు, కొట్టినదంత పోయి, మిషన్ పెట్టంగనే తెరుచుకునే చీటీల రైతు పేరు కాడ పడ్డది.

ఇప్పుడు కాయితమే కన్ను. మీటలను ఇంగ్లీషుకు మార్చింది. అవునో కాదో ఒక చీటీ కొట్టి చూసుకున్నది. ఇంగ్లీషే. ఆజ్ఞల కిటికీ తెరిచింది, అరవై అని పాత లెక్క రాసింది, ఎంటర్ అనే పెద్ద మీట నొక్కింది.

బయట యార్డంత ఒక్కసారి అరిచింది.

జ్యోతిరాణి ఉరికొచ్చి చూసింది. టీవీ వెలిగింది. అంకెలన్నీ తలకిందులు.

"తాతా! టీవీని ఏం చేసినవ్?"

లింబయ్య గోడకు ఆనుకున్నడు. "నేను తలకిందులు కట్టుడే పాపమయిందేమో అనుకొని... ఇంకో టీవీ తీసి దీన్ని మళ్ల కట్టేటప్పుడు సక్కగ కట్టిన బిడ్డా."

అయిదు దాటి పది నిమిషాలు. ఇరవై అయిదో బండి అప్పటికే కాంటా ఎక్కింది. "బరువు ఎవడు సదివిండు? సదవంది దిగేది లేదు!" అని ఒకడు. అప్పుడు రాజనర్సు చెప్పులిడిసి, వరుసల ఉన్న తన ట్రాలీ ఎక్కిండు. చెరుకు కట్ట మీద తల ఆనించి, కాళ్లు రెండు మీదికి లేపి, లుంగీని మోకాళ్ల నడుమ బిగించి, బరువును అంకె అంకె గట్టిగ చదివిండు. "కరెక్టున్నది! దింపుండ్రి బండి!" అని అదే తీరుల అరిచిండు. ఆయన కిందికి దిగే లోపల జ్యోతిరాణి లోపల ఒక్క వరుస రాసి బొమ్మను తిప్పింది.

ఇగ ఒకటే పని. బండి ఎక్కుడు, దిగుడు. మూడు నిమిషాలకు ఒకటి. ఇరవై తొమ్మిది. ముప్పై మూడు. లింబయ్య కిటికీల తలపెట్టి మెల్లగ అన్నడు. "బిడ్డా, నంబరు నీ చేతులనే ఉన్నది. మీ బాపుది ఒక్కటి ముందర ఎయ్యరాదు? ఎవ్వలన్న అడిగితె మిషన్ ఖరాబున్నదని నేను చెప్త."

జ్యోతిరాణి బయటికి చూసింది. రాజనర్సు తన బండి దింపుకొని గూడ పోలేదు, టీవీ కిందనే నిలబడ్డడు. ఆఖరున భూమన్న ట్రాక్టరు మీద కూర్చొని ఉన్నడు, చెయ్యి స్టీరింగు మీద. జ్యోతిరాణి ముప్పై నాలుగు కొట్టింది.

ఆరు గంటలకు కాంటా మీద ముప్పై తొమ్మిది ఉన్నది. మోగవలసిన సైరను మోగలేదు. దాని గొంతుల ఉడుత ఒకటి ఇరుక్కున్నదట. మీట నొక్కితే కీచుమన్నది, అంతే. దాన్ని బయటికి గుంజే వరకు నలభై ఎక్కి దిగింది. నలభై ఒకటి ఎక్కింది, దిగింది. అప్పుడు మోగింది సైరను. గంగమణి ట్రాలీ చక్రానికి ఆనుకొని కూర్చున్నది.

మళ్ల సీజనుల మీరు పోతే చూడండ్రి. తెరల ఏది మార్చినా అది ముందుగాల 'కనబడుతున్నదా?' అని అడుగుతది. పదిహేను సెకన్లల్ల ఎవరూ మీట నొక్కకపోతే పాతదానికి మళ్లుతది. లింబయ్య మాత్రం బయట నిలబడి నోటితోనే చెప్తడు. "కనబడ్తున్నది బిడ్డా, బాగనే కనబడ్తున్నది."

రాజనర్సు కాళ్లు మీదికి లేపి చదివిన ముచ్చట నేను కట్టిన కట్టుకథ అనుకుంటున్నరు గద? అది నిజం. ఆయన మెడకు వారం రోజులు నూనె రాసిండ్రు, ఆయన భార్యను అడుగుండ్రి. నేను కట్టింది ఉడుతను. సైరను ఆరు గంటలకు, ఒక్క నిమిషం అటు ఇటు కాకుండ మోగింది. ముప్పై తొమ్మిది దిగింది, గేటు పడ్డది. భూమన్న చెరుకు తెల్లారి మోస్రా అవతల బెల్లం బట్టీకి పోయింది, ట్రాలీల పదో వంతు బరువు ఎండకే పోయింది. దాని వెనుకనే మోటర్ సైకిల్ మీద జ్యోతిరాణి గూడ బట్టీ దాక పోయింది. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పబుద్ధి కాక, సైరనుల ఉడుతను పెట్టిన.