రుక్మాబాయి ఆది

మా ఆదోనిలో ఆడవాళ్ళు ఒకరి ముందు చేతులు చాపి నిలబడి కొలతలిచ్చే రోజులు కావవి. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత రవికె ఒకటి తెచ్చి, ఇదీ ఆది అని బల్ల మీద పెట్టిపోయేవాళ్ళు. మగ టైలరుకే కాదు, ఆడదాన్నైన నాకూ అంతే. దాన్ని చూసి కొత్తది కుట్టాలి. ఇరవై ఏళ్ళలో నేను కుట్టిన రవికె బిగుతైందనో వదులైందనో తిరిగొచ్చింది లేదు. గొప్పలనుకుంటే అనుకోండి, నాకేం నామోషీ లేదు.

ఈ ఆది అన్న మాట మీద మా వరండాలో ఒకసారి పెద్ద చర్చే జరిగింది. హైస్కూల్లో సంస్కృతం చెప్పే వెంకోబారావు అయ్యవారు భార్య రుక్మాబాయితో కలిసి వచ్చి, ఆది అంటే మొదలు, అన్నిటికన్నా ముందుది అని మొదలుపెట్టాడు. నా పక్కన కాజాలు కుడుతున్న మస్తాన్‌బీ పకపకా నవ్వింది. వాళ్ళ ఉర్దూలో ఆదీ అంటే దేనికైనా అలవాటు పడిపోయిన మనిషట, బీడీకో కల్లుకో. హొళగుంద వైపు నుంచి వచ్చే కన్నడం వాళ్ళు ఈ మాట ఎత్తనే ఎత్తరు, కొలతని అళతె అంటారు. ఇవన్నీ విని అయ్యవారికి పాయసం తాగినంత సంబరం. నేను మాత్రం ఒప్పుకోలేదు. నా బల్ల మీద ఆదికి ఒకటే అర్థం, అది ఒక మనిషి ఒళ్ళు. ఆ మనిషిదే, ఇంకొకరిది కాదు. ఆయన ఇంకా ఏదో చెప్పబోతుంటే, వంకాయలు మాడిపోతాయంటూ రుక్మాబాయి మొగుణ్ణి ఇంటికి లాక్కుపోయింది.

ఆ రుక్మాబాయి పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో పచ్చకామెర్లతో పోయింది. పిల్లల్లేరు. అయ్యవారు బడికి పోవడం, రావడం తప్ప ఎవరితోనూ పెదవి విప్పేవాడు కాదు. రెండేళ్ళు చూసి, వాళ్ళమ్మ లక్ష్మీబాయి పట్టుబట్టి మళ్ళీ సంబంధం కుదిర్చింది. పిల్ల పేరు తారాబాయి. తండ్రి మంత్రాలయం మఠంలో సేవ చేస్తాడు. ఆమె ఎమ్మిగనూరులో అక్క ఇంట్లో ఉండి చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. ముప్పై ఏళ్ళు వచ్చినా ఏదో ఒక కారణాన పెళ్ళి కాలేదు.

లగ్నం ఇంకా పది రోజులుందనగా లక్ష్మీబాయి ముహూర్తపు రవికె గుడ్డ తెచ్చింది. ఆకుపచ్చ పట్టు, ఎర్ర అంచు. దాంతోపాటు పేపర్లో చుట్టిన ఆది. విప్పి చూద్దును కదా, అది నా చేతి కుట్టే. ఎడమ భుజం అర వేలు కిందికి దిగింది. అలా దించి కత్తిరించింది నేనే. నీళ్ళ బిందె ఎప్పుడూ ఎడమ చంకనే మోసి మోసి రుక్మాబాయికి ఆ భుజం వాలిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. కానీ పెద్దావిడ ముందు గొంతు పెంచకుండా, ఇది పెళ్ళికూతురిది కాదే అన్నాను. ఆవిడ తేలిగ్గా కొట్టిపారేసింది. పెళ్ళికూతురు కట్టి విడిచిన గుడ్డ పెళ్ళికి ముందు మగపెళ్ళివారి ఇంట్లోకి రాకూడదని వాళ్ళ మడి పట్టింపు. ఆది ఎట్లా అని కొడుకునే అడిగితే, బీరువా తీసి ఇది ఇచ్చాడట. ఇద్దరిదీ ఒకే ఒళ్ళు, ఏం పరవాలేదు, కుట్టెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది.

ఎట్లా కుట్టను? పీటల మీద కూచున్న పిల్ల ఒంటి మీద చనిపోయినామె భుజం ఉంటుంది. చూసేవాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. ఈరోజు రవికె, రేపు వంట, ఎల్లుండి నడక. బతికినన్నాళ్ళూ ఆ పిల్లని రుక్మాబాయి కొలతకే కత్తిరిస్తారు. మర్నాడు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆది ఎక్కడో పోయింది, నీదొకటి ఇవ్వమ్మా అని అబద్ధమాడి తెచ్చుకుందామని నా ఆలోచన.

తారాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని, ఎడమ చేత్తో పిల్లల పలకలు దిద్దుతోంది. పొడుగు మనిషి. నా మాట అంతా విని, ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, పోయిన ఆది ఎవరిది అని అడిగింది. మా ఇంటి నుంచి ఏదీ పంపలేదు కదా అంది. అంత నిదానంగా అడిగితే అబద్ధం నోటికి రాలేదు. సంచిలోంచి రుక్మాబాయి రవికె తీసి, ఎవరిదో చెప్పి చేతికిచ్చాను. తన భుజానికి ఆనించి చూసుకుంది. చేతులు పొట్టి, నడుము పైకి. ఎడమ భుజం ఎందుకు దిగిందని అడిగితే బిందె సంగతి చెప్పాను. జాగ్రత్తగా మడతపెట్టి నాకే ఇచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, కోపమొచ్చింది.

"నన్ను సూసుకోడానికి వచ్చినపుడు ఆయన తల ఎత్తలేదు. సిగ్గనుకుంటి," అంది. "ఈ పెండ్లి నాకు కావాల్నో వద్దో ఆయన్ని సూసి సెప్తా. ఒక్కడే రావల్ల. అంతదాకా నా ఆది ఇయ్యను."

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నేనేమో ఒక్క నిజం చెప్పి ఉన్న పెళ్ళి చెడగొట్టుకొస్తున్నాను. అయినా చేసింది తప్పని మాత్రం అనిపించలేదు. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా, బడి వదిలే వేళకి అయ్యవారి ఇంటికి పోయాను. లక్ష్మీబాయి గుడికి పోయింది, అదీ మంచిదే అయింది. రవికె ఆయన చేతిలో పెట్టి, తారాబాయి అన్న మాటలు ఒక్కటీ దాచకుండా చెప్పాను.

ఆయన దాన్ని విప్పి, దిగిన ఎడమ భుజం కుట్టు మీద వేలు పెట్టి చూశాడు.

"అమ్మ ఆది కావాలన్నది. ఆదంటే నా చెయ్యి దీని మీదికే పోయింది సుభద్రమ్మా. ఇంకొకరిది ఉంటాదని నాకు తోచనే లేదు."

ఆ మాటకి నా కోపం సగం చల్లారింది. పాపం అనిపించింది. కానీ పాపమని వదిలేస్తే అవతల ఒక ఆడపిల్ల బతుకు ఉంది.

"తోచకపోతే పీటల మీద యాల కూసుంటావు అయ్యవారూ? పోయి ఆమెను సూసిరా."

లగ్నానికి ముందు పెళ్ళికొడుకు ఆ గడప తొక్కితే ఊరు నవ్వుతుందని గొణిగాడు. నవ్వితే నవ్వనీ, ఒక పూట నవ్వి ఊరుకుంటారు, ఆ పిల్ల జన్మంతా ఏడవకుండా ఉంటే చాలు అన్నాను.

మర్నాడు ఆయన బడికి సెలవు పెట్టి పోయాడు. ఆ రోజు నేను పట్టు గుడ్డ బల్ల మీద పరిచి, మళ్ళీ మడిచి, మళ్ళీ పరిచి, ఏ పనీ చెయ్యలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బస్టాండు నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. చేతిలో చిన్న పొట్లం ఉంది. ముందు మంచినీళ్ళు అడిగి తాగాడు. తర్వాత జరిగింది చెప్పాడు.

తారాబాయి ఆయన్ని గోడ వైపు తిరిగి, తను ఎట్లుంటుందో చెప్పమందట. పొడుగో పొట్టో చెప్పలేకపోయాడు. కళ్ళద్దాలున్నాయో లేదో కూడా చెప్పలేకపోయాడు. అప్పుడామె కోపంతోనే, పోనీ రుక్మాబాయి ఎట్లా ఉండేదో చెప్పండి అందట. ఆయన గోడ వైపే తిరిగి మొదలుపెట్టి గంటసేపు చెప్పాడు. ఆమె పోయాక ఆ పేరు నోటితో పలకడం అదే మొదలట. చెప్తూ చెప్తూ ఏడ్చాడట. వెనక నుంచి తారాబాయి కూడా ముక్కు చీదుతున్న చప్పుడు వినపడిందట. ఆ రవికె పారెయ్యొద్దని, పెట్టె అడుగున ఉండనిమ్మని ఆమే చెప్పిందట. ఆ తర్వాత, ఇంక ఇటు తిరగండి అందట.

నేను పొట్లం విప్పాను. చేతులు పొడుగు, నడుము కిందికి, రెండు భుజాలూ సమానం. తారాబాయి ఆది. వాళ్ళ మడి ఏమైందని నేను అడగలేదు.

అయ్యవారు కుడి అరచెయ్యి చాపి తన చెవి పక్కన ఆనించుకున్నాడు.

"ఈడికొస్తాది సుభద్రమ్మా. అద్దాలు పెట్టుకుంటాది. ఎడమ చేత్తో రాస్తాది. నవ్వినపుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాది."

నాకు కావలసిన కొలతలన్నీ బల్ల మీదే ఉన్నాయి. అయినా ఆయన చెప్పడం ఆపలేదు, నేనూ ఆపమనలేదు.