రెండోసారి వేసిన మార్కులు

మామయ్య నోరు దురుసు, చెయ్యి మాత్రం మెత్తన. ముప్పై ఏళ్లుగా సూదుల్లాంటి సన్నటి ఫైళ్లను వేళ్ల మధ్య తిప్పుతూ పంటి వేర్లలోని కాలవలు శుభ్రం చేసిన డాక్టరు ఆయన. మోటారుతో గిర్రున తిరిగే ఫైళ్లంటే ఇప్పటికీ పెదవి విరుస్తాడు. అలాంటివాడు, రెండు రకాల మోటారు ఫైళ్లలో ఏది బాగా శుభ్రం చేస్తుందో మేనకోడలు తన పీజీ పరిశోధనలో తేల్చాలనుకుంటే, మార్కులు తనే వేస్తానన్నాడు. తండ్రి లేని పిల్లని కంటికి రెప్పలా పెంచినవాడు కాదంటాడా?

పీకేసిన పళ్లు అరవై తెచ్చి, సగం ఒక రకంతో, సగం ఇంకో రకంతో ఆమే శుభ్రం చేసింది. ప్రతి వేరునీ నిలువునా చీల్చి మైక్రోస్కోపు కింద ఫొటో తీసింది. ఏది ఏ ఫైలుదో చెప్పకుండా చూపిస్తే, లోపల చెత్త లేనిదానికి ఒకటి, నిండా ఉన్నదానికి నాలుగు వేయాలి. రెండు వారాలాగి అవే ఫొటోలు కలగాపులగం చేసి మళ్లీ ఇస్తారు. రెండుసార్లూ మార్కులు కలిస్తేనే ఆ కన్ను నమ్మదగ్గదని లెక్క.

కలవలేదు. మొదటిసారి మూడూ నాలుగూ వేసిన ఫొటోల్లో ఇరవై రెండింటికి రెండోసారి ఒకటి వేశాడు. గైడు మేడమ్ కాగితాలు చూసి, ఇంకెవరినైనా చూసుకోమంది. మార్కులు పోతే పోయాయి. మామయ్య రేపు కూడా క్లినిక్ తెరుస్తాడు, ఎవరో ఒకరు నోరు తెరుస్తారు. ఆ నోట్లో ఏముందో ఆయనకి కనబడుతుందా?

సాయంత్రం క్లినిక్‌కి వెళ్లేసరికి ఆయన పనిముట్లు సర్దుతున్నాడు. ఒక్కొక్కటీ వేలితో తడిమి మరీ పెడుతున్నాడు. ఇదివరకు ఈ తడమడం చూసి కూడా పట్టించుకోనందుకు ఆమె తనని తానే తిట్టుకుంది. వాళ్లూ వీళ్లూ ఎలా ఉన్నారని కాసేపు నీళ్లు నమిలింది.

"ఎన్ని తేడా వచ్చాయే?" అన్నాడాయన.

"ఇరవై రెండు, మామయ్యా."

చేతిలో ఉన్నది ట్రేలో పెట్టాడు. "మొదటిసారి మంచి ఎండ. కిటికీ దగ్గర పెట్టుకుని చూశా. ఈసారి ముసురు. సగం కంటికి ఆనలేదు."

"మరి ఒకటి ఎందుకేశావు?"

"చేసింది నువ్వేగా. శుభ్రంగానే చేసుంటావనుకున్నా."

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆ ఇరవై రెండింటిలోనూ కొన దగ్గర చెత్త అలాగే ఉంది. ఏ ఫైలూ అంత లోపలికి సరిగ్గా వెళ్లలేదు.

ఆయన ఓదార్చలేదు, అలవాటు లేదు. రేపు పొద్దున పక్కవీధి టైలరమ్మ వస్తుందనీ, పై దవడ పన్ను శుభ్రం చేసి నెలైనా నొప్పి తగ్గలేదంటోందనీ చెప్పాడు. "అందులో మూడే కాలవలున్నాయన్నాను. నాకు కనబడినవి మూడు. నువ్వొకసారి చూడు."

మర్నాడు టైలరమ్మ కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది. మామయ్య వెనక నిలబడి లైటు పట్టుకున్నాడు. ఆమె పంటిలో నింపిన పాత సిమెంటు తీసి, చిన్న అద్దం పెట్టి చూసింది. నాలుగోది వెతకక్కర్లేకుండానే కనబడింది.

"ఉందా?"

నోరు తెరిచి పడుకున్న మనిషి మీద వంగి అబద్ధమాడకూడదని ఆమెకు నేర్పింది ఆయనే.

"ఉంది మామయ్యా."

ఆయన తలూపాడు. తర్వాత ముందుకు వంగి, తప్పు తనదేననీ, ఇకనుంచి ఈ అమ్మాయే చూస్తుందనీ టైలరమ్మకు చెప్పాడు.

ఆమె అలవాటుగా ఆయన చేత్తో తిప్పే ఫైళ్ల డబ్బా అందుకోబోయింది.

"అవొద్దు," అన్నాడు. "నీ మోటారుదే పెట్టు."

గంటసేపు ఆయన లైటు పట్టుకునే నిలబడ్డాడు. ఆ వెలుగు పంటి మీదనుంచి ఒక్కసారైనా కదల్లేదు. చెయ్యి ఇప్పటికీ అంత నిలకడగా ఉంది.