పెద్దయ్యగారికి వదిలిన కొర్ర

పెద్దకడుబూరు దగ్గరి ఆ పల్లెలో చర్చికి నాలుగెకరాల చేను ఉన్న సంగతి, అందులో మొలిచిన కంపచెట్లకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఏసమ్మకు మాత్రం గుర్తుంది. ఏసమ్మకు అన్నీ గుర్తే. కరువొచ్చిన ఏడు మిషను దొరసాని గంజి పోసిన గరిటె ఏ పక్కకు వంగి ఉండేదో చెబుతుంది. తర్వాత ఓడలెక్కి వచ్చిన గోధుమ నూకలో పురుగులు ఏ రంగువో చెబుతుంది. పాలపొడి తాగి ఊరంతా చెంబులు పట్టుకొని పరుగులు తీసిన వారం గురించి అడిగితే ఇక ఆ పూటకు మీరు ఇంటికి పోనక్కరలేదు. చర్చి పెట్టిన ప్రతి మెతుకూ ఎక్కడినుంచో వచ్చిందే గాని, చర్చి మట్టిలో నుంచి లేచింది ఒక్కటీ లేదన్నదే ఆమెకు ఉన్న ఒకే ఒక్క దిగులు.

అందుకే, కొత్తగా వచ్చిన ప్రకాష్ పాస్టరుగారు ఇకమీద ఆకలిగొన్నవాళ్ళకు మన చేనే అన్నం పెట్టాలని ప్రసంగించిన ఆదివారం, అందరికంటే ముందు ఆమేన్ అన్నది ఆమే. కుర్రపాస్టరు. మంచివాడే. ఎమ్మిగనూరులో కాపురం, ఆదివారానికీ బుధవారానికీ మోటారు సైకిలు మీద వచ్చి పోతుంటాడు. సేద్యం మీద ఏసీ గదిలో మూడు రోజులు శిక్షణ పొంది వచ్చాడు. గోడ మీద తెర కట్టి మట్టి ఫొటోలు వేసి చూపించారట. ఆ బొమ్మల ధైర్యంతో డ్రాగన్ పండ్ల తోట వేద్దామన్నాడు. ఏసమ్మ ఒకటే అడిగింది, ఆ పండుతో గంజి కాయవచ్చునా అని. డ్రాగన్ అక్కడే చచ్చింది.

గంజి మాట ఆమె ఊరికే ఎత్తలేదు. చర్చి వెనక రేకుల కొట్టంలో పొద్దున్నే పొయ్యి రాజేసి, మధ్యాహ్నానికి పదకొండు మందికి గంజి పోసేది ఆమే. అందరూ ఒంట్లో సత్తువ అయిపోయినవాళ్ళు. వాళ్ళ రేషన్ బియ్యం ఇరవయ్యో తారీఖు చూడదు. మగ్గం మీద చూపు పోగొట్టుకున్న రామమ్మ చర్చి గడప ఎప్పుడూ తొక్కలేదు, నుదుట కుంకుమబొట్టుతోనే వచ్చి తాగిపోతుంది. చేలకు కావలి పోయే లక్ష్మప్ప శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నకు మొక్కుకొని మరీ వస్తాడు. ఆకలికి ఏ దేవుడని ఏసమ్మ ఎన్నడూ అడగలేదు. చర్చి ఆడవాళ్ళు ఇంట్లో ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి ఆదివారం తెస్తారు. ఆ పిడికిళ్ళతోనే కుండ నడుస్తుంది. పోయినేడు పత్తి పోయింది. పిడికిళ్ళు కూడా చిన్నవైపోయాయి.

అట్లా కొర్ర వేశారు. విత్తనం ఏసమ్మ ఇంట్లో బూడిద కలిపి దాచిన కుండలోది. కంపలు కొట్టింది, విత్తింది, కలుపు తీసింది పల్లె ఆడవాళ్ళు. పాస్టరుగారు బోర్డు పెట్టించాడు. చేనుకంటే బోర్డే పెద్దదన్నట్టు ఉండేది. అందులో స్వయంసమృద్ధి సేద్యం అని ఒక పక్క, పట్నంలో ఉండే బిషప్ పెద్దయ్యగారి ఫొటో ఒక పక్క, పాస్టరుగారి ఫొటో ఒక పక్క. కొర్ర ఫొటోకు చోటు చాలలేదు. ఆ చేలో నీడంటూ ఉన్నది ఆ బోర్డుదే గనుక, లక్ష్మప్ప దాని కింద కూర్చొని పిట్టలు తోలేవాడు.

విత్తిన వారమే పాస్టరుగారు చక్కటి ప్రసంగం చేశాడు. పూర్వం దేవుడు ఇశ్రాయేలువాళ్ళకు చెప్పాడట, చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయకండి, అంచు పేదవాళ్ళకు వదలండని. మనం కూడా గెనెం వార, గట్టు పక్కన, నాలుగు సాళ్ళు పేదలకు వదులుదామని ప్రకటించాడు. బయటికి వచ్చాక ఏసమ్మ నెమ్మదిగా అడిగింది.

"చేనంతా పేదోళ్ళకే గదా అయ్యగారూ వేసింది. గెనెం వార వాళ్ళకైతే, నడుమది ఎవరికి?"

ఆయన నవ్వి, "నడుమది ప్రోగ్రామ్ అవ్వా" అన్నాడు.

వానలు నిలిచి కురిశాయి. శ్రావణం సగానికి వెన్నులు బరువెక్కి నక్కతోకల్లా వంగాయి. ఏసమ్మ ఒక వెన్ను అరచేతిలో నలిపి, పొట్టు ఊది, గింజ పంటికింద కొరికి చూసింది. టక్కుమంది. ఇక కోయాలి. కోయకూడదన్నాడు పాస్టరుగారు. మొదటి వెన్ను పెద్దయ్యగారు స్వహస్తాలతో కోయాలి. అప్పుడే ఫొటోలు. ఆదోనిలో శిలాఫలకం కూడా చెక్కించేశాడు, తారీఖుతో సహా.

ఆ తారీఖుకు ఉరుకుంద తిరునాళ్ళ బస్సులతో దారి కిక్కిరిసిందని, కారు ఇరుక్కుంటుందని పెద్దయ్యగారు రాలేదు. రాయి మీద తారీఖు చెరిపి మళ్ళీ చెక్కారు. రెండోసారి ఆయనకు షుగరు పెరిగింది. మళ్ళీ చెరిపారు. రాయి పలుచబడుతోంది, కొర్ర రాలుతోంది. పిచ్చుకలు చుట్టాలను పిలుచుకొని వచ్చాయి. ఏసమ్మ పోయి చెబితే, పాస్టరుగారు ఆకాశపక్షులను పోషించేది కూడా ఆ తండ్రేనని వాక్యం చెప్పాడు.

"పోషించనీ అయ్యా" అంది ఆమె. "ఆయప్ప పోషిస్తాండేది మన చేలో. మనోళ్ళు పస్తుండారు."

ఇంకొక్క పదిరోజులు ఓర్చుకోమన్నాడు. కార్డులు అచ్చయిపోయాయట.

పిడికెడు బియ్యం డబ్బా అడుగు కనిపించిన రోజున ఏసమ్మ ఉన్నదంతా కుండలో వేసి, నీళ్ళు పోసి, ఇంకొంచెం నీళ్ళు పోసి కాచింది. లక్ష్మప్ప తన సత్తుగిన్నెలోకి చాలాసేపు చూశాడు.

"ఏసమ్మక్కా, ఈ పొద్దు గంజిలో నా మొగమే కనపడతాంది. నా మొగం నేనెట్ల తాగేది?"

రామమ్మకు చూపు లేదు గనుక ఆమె మాత్రం గిన్నె ఎత్తి తాగేసి, నాది బాగానే ఉందే అంది. ఏసమ్మ ఆ రాత్రి ప్రార్థన చేసుకుందో, దేవుడితో పోట్లాడిందో ఆమెకే తెలియాలి. తెల్లారేసరికి మాత్రం గుడ్డసంచి భుజాన వేసుకొని, కొడవలి బొడ్లో దోపుకొని, ఆరుగురు ఆడవాళ్ళతో చేలో ఉంది.

గెనెం వార నాలుగు సాళ్ళు ముట్టవద్దని చెప్పింది. ఆ లోపల, వెన్ను మెడకాడికి కోసి సంచిలో వేసుకోవడం, గడ్డిని నిలబడినట్టే నిలబెట్టడం. అంతే. పట్టపగలు కోశారు, నాలుగు రోజులు. దారిన పోయేవాళ్ళు చూశారు. బుధవారం నాడు పాస్టరుగారు కూడా మోటారు సైకిలు ఆపకుండానే చెయ్యి ఊపి పోయాడు. చేలో వంగి ఉన్న ముసలాడవాళ్ళు ఏం చేస్తున్నారో ఎవరు చూస్తారు? బోర్డును చూస్తారు గాని. వెన్నులు సిమెంటు రోడ్డు మీద ఆరాయి, కర్రల కింద నలిగాయి, రోళ్ళలో దంగాయి. ఐదో రోజు నుంచి గంజిలో ఎవరి ముఖమూ కనిపించలేదు.

మూడోసారి చెక్కిన తారీఖుకు పెద్దయ్యగారు నిజంగానే వచ్చారు. తెల్లటి అంగీ, వెనక మూడు కార్లు. ప్రసంగాలు రెండు గంటలు నడిచాయి. ఆకలి మీద ఇంత సుదీర్ఘంగా మాట్లాడాలంటే కడుపు నిండా తినే రావాలని లక్ష్మప్ప అన్నాడు, బోర్డు నీడ పెద్దయ్యగారికి ఇచ్చేసి ఎండలో నిలబడి. తర్వాత రిబ్బను కట్టిన కొత్త కొడవలితో పెద్దయ్యగారు గెనెం వార ఒక వెన్ను కోశారు. ఫొటో. చప్పట్లు. ఫొటోలబ్బాయి ఆశపోతు, చేను నడుమ కూడా ఒకటి తీస్తానన్నాడు. పెద్దయ్యగారు అంగీ ఎత్తి పట్టుకొని నాలుగు సాళ్ళు దాటారు. దాటి ఆగిపోయారు.

నాలుగెకరాల గడ్డి, ఒక్కదానికీ తలకాయ లేదు.

పాస్టరుగారి ముఖం చెరిపిన శిలాఫలకంలా అయింది. పిట్టలు, అని మొదలుపెట్టాడు పాపం. పిట్టలు కొడవలితో కోయవని పెద్దయ్యగారికి కూడా తెలుసు. ఎవరు కోశారని అడిగారు. ఏసమ్మ కొంగు సర్దుకొని ముందుకు వచ్చింది.

"మేమే కోసినాం సామీ. అంచు పేదోళ్ళకు వదలమని అయ్యగారే సెప్పినాడు. ఈడ కోసిందే పేదోళ్ళు. అందుకని అంచు మీకు వదిలినాం."

పెద్దయ్యగారు ఆమెను చూశారు, గడ్డిని చూశారు, చేను అవతల కొట్టం ముందు వరుసగా గిన్నెలు పట్టుకొని కూర్చున్న, లక్ష్మప్ప పోను మిగిలిన పదిమందిని చూశారు. కోపం తెచ్చుకోవడానికి తగిన వాక్యమేదీ ఆయనకు అప్పటికప్పుడు తట్టినట్టు లేదు. గొంతు సవరించుకొని, కొర్ర బాగా పండిందన్నమాట అన్నారు. కారెక్కే ముందు పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పారు. డాక్టరు ఆయనను కొర్రన్నమే తినమన్నాడట. పట్నంలో దొరికేది కల్తీ. ఇక్కడినుంచి ఒక మూట దొరికితే...

పాస్టరుగారు ఏసమ్మ వైపు చూశాడు, ఈసారి బతిమాలుతున్నట్టు. మూట దంచిన కొర్రలు కొట్టంలో లేక కాదు. అవి సంక్రాంతి దాకా పదకొండు గిన్నెలకు ఆమె కొలిచి పెట్టుకున్నవి. ఆమె బల్ల మీది రిబ్బను కొడవలి తీసి, రెండు చేతులా పెద్దయ్యగారికి అందించింది.

"మీ వాటా గెనెం వారనే ఉండాది సామీ. మెడకాడ పట్టుకొని కోయల్ల, నేను సూపిస్తా రాండి."

షుగరు భయం పెద్దది. పెద్దయ్యగారు అంగీ చేతులు మడిచారు. ఒక సాలు సగం కోసేసరికి చెమటతో తడిసి ముద్దయ్యారు. లక్ష్మప్ప వెనక నిలబడి, వెన్నులు జారినా బాధపడొద్దండి సామీ, ఎనకాల మేము ఏరుకుంటాంలే అని ధైర్యం చెబుతున్నాడు. ఫొటోలబ్బాయి దాన్ని కూడా తీశాడు.

చర్చి గోడ మీద ఇప్పుడు ఆనాటి ఫొటోలు పద్నాలుగు ఉన్నాయి. అది మాత్రం లేదు. దాని నకలు ఒకటి రేకుల కొట్టంలో, ఉప్పుడబ్బా పైన ఉంది. పెద్దయ్యగారు పనిచేసిన ఒకే ఒక ఫొటో అదని ఏసమ్మ అందరికీ చూపిస్తుంది.