మార్తకు జాగ

ఇటుకల పనికి పోవలసిన యెహెజ్కేలు ఆ పొద్దు దిల్‌సుఖ్‌నగర్ ప్రసూతి దవాఖాన వరండాలో గోడకు ఆనుకొని నిలబడ్డాడు. లోపల అతని భార్య బాలమ్మ కన్న ఆడపిల్లకు పుర్రె పైభాగం లేదు. "రేపటిదాకా బతకడం కష్టం," అని డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది.

పిల్లను తల్లికి చూపలేదు. చూస్తే ఇక మరవలేకపోతుందని ఇంటి పెద్దల భయం. బాలమ్మ అత్త పోచమ్మ వరండాలో కూర్చుని పాత చీర చింపుతోంది.

"పానం పోంగనే మూసీ ఒడ్డున పెట్టొస్త. బాలమ్మకు చూపియ్యకుండ్రి," అన్నది.

నర్సు మణెమ్మ వినలేదు. పిల్ల తలకు మెత్తని గుడ్డ చుట్టి, టోపీ తొడిగి బాలమ్మ పక్కలో పడుకోబెట్టింది.

"చూడు బిడ్డా. నేనీడనే ఉంట."

బాలమ్మ చాలాసేపు చూసింది. "మా నాయిన ముక్కే," అన్నది. అప్పుడు ఏడ్చింది. "నేను ఇటుకలు మోసినందుకేనా అక్కా?"

"కాదు. ఎవ్వరి తప్పు కాదు."

కబురందుకొని పాస్టరు దానియేలు సైకిలు మీద వచ్చాడు. కళ్లు మూసుకొని స్వస్థత కోసం గొంతెత్తబోయాడు.

"అట్ల అడగకు అయ్యగారూ," అన్నది బాలమ్మ. "దేవుడు వినకపోతే నాకు ఆయన మీద కోపమొస్తది. పేరు పెట్టు, చాలు."

పాస్టరు కళ్లు తెరిచి గ్లాసుతో నీళ్లు తెప్పించాడు. తర్వాత తడి వేలితో పిల్ల నుదురు తాకి, "మార్త" అన్నాడు.

మధ్యాహ్నం బాపిరాజు స్కూటరు మీద వచ్చాడు. ఎల్.బి.నగర్ అవతల కొత్త కాలనీలో ఆయన కట్టిస్తున్న ఇంటి వెనకే, ఆయన జాగాలోనే, వీళ్ల గుడిసె. ఎల్లుండి గృహప్రవేశం. ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నాకు మాత్రం జాలి లేదా యెహెజ్కేలూ? కానీ శుభకార్యం ముందు ఆ బిడ్డని అక్కడికి తేవద్దు. అంతా అయ్యాక మీరు వద్దురుగాని. కాదంటే గుడిసె తీయించేస్తాను."

యెహెజ్కేలు తల వంచుకున్నాడు. ఆయన వెళ్లిపోయాడు. పోచమ్మ చేతులు చాచింది.

"ఇటియ్యి బాలమ్మా. ఈడనే కానియ్యి."

"నేనియ్య," అన్నది బాలమ్మ. "నా బిడ్డ నా ఇంట్లనే పండుకుంటది."

యెహెజ్కేలు భార్య వైపు, తర్వాత పిల్ల వైపు చూశాడు. పిల్లను చూడడం అదే మొదటిసారి. "రిక్షా తెస్త," అని బయటికి నడిచాడు.

దుమ్ము రోడ్డు మీద రిక్షా మెల్లగా పోయింది. మార్త ఊపిరి ఆగి ఆగి వస్తోంది. కాలనీ మలుపు తిరగగానే కనబడింది: ఇద్దరు మనుషులు గుడిసె పైకెక్కి రేకులు విప్పుతున్నారు. కింద బాపిరాజు నిలబడి ఉన్నాడు; యెహెజ్కేలు మాట కోసం ఆయన ఆగలేదు.

ఎండ తగలకుండా బాలమ్మ పిల్లకు కొంగు అడ్డం పెట్టింది. రిక్షా ఆపమనలేదు.